పాత లారీ హీటర్: విప్పే ముందు పైపు పట్టుకుని చూడండి

నల్లగొండలో లారీ హీటర్ బాగుచేయించాలి అంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. ఎండాకాలంలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి ఎక్కడ అంటే వినిపించే పేర్లలో మనదొకటి. మామూలు రోజుల్లోనే ఇంజన్ కాకకు డ్రైవర్ కాళ్లు మాడుతుంటాయి. దీనికి మళ్లీ హీటరా అంటారు. ఆ నవ్వు డిసెంబరు దాకానే. మిర్యాలగూడలో బియ్యం లోడు ఎత్తుకుని తెల్లవారుజామున నార్కట్‌పల్లి వైపు వస్తుంటే బయట పొగమంచు, లోపల ఇద్దరి ఊపిరి. ముందద్దం లోపలివైపు తెల్లగా కమ్ముకుంటుంది. క్లీనర్ గుడ్డతో తుడుస్తాడు, రెండు నిమిషాలకు మళ్లీ అంతే. మన్ననూరు దాటి నల్లమలలోకి ఎక్కే బండ్లకైతే వానాకాలంలోనూ ఇదే గోస. సరిగ్గా అప్పుడే బ్లోయర్ స్విచ్ తిప్పితే గాలి రాదు. లేదా వస్తుంది గానీ చన్నీళ్లు చల్లినట్టు వస్తుంది.

మా మేనమామకు నల్లగొండలో లారీల ఎలక్ట్రికల్ షెడ్డు ఉండేది. కాలేజీ సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి. చలికాలం రాగానే ఒకే మాట రోజుకు రెండుసార్లు వినేవాణ్ని.

"అన్నా, హీటర్ ఖరాబైంది. కొత్తది ఎంతైతది?"

మామ ధర చెప్పేవాడు కాదు. "గాలి వస్తలేదా తమ్మీ, వేడి వస్తలేదా?" అని అడిగేవాడు.

"రెండూ ఒకటే గదనే" అనేవాళ్లు చాలామంది. ఒకటి కావు. పని సగం తేలేది ఆ ప్రశ్న దగ్గరే.

లారీ హీటర్‌లో నిప్పు లేదు, గీజర్‌లో ఉన్నట్టు కరెంటుతో ఎర్రబడే కాయిలూ లేదు. ఇంజన్‌లో కాలిన డీజిల్ వేడిలో దాదాపు మూడో వంతు చక్రాలకు పనికొస్తే, మిగిలినది సైలెన్సర్ గుండా, రేడియేటర్ నీళ్ల గుండా బయటికి పోతుంది. ఆ నీళ్లలోంచే కొంత ఒక పైపుతో క్యాబిన్‌లోకి తెచ్చి, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లో తిప్పి, ఇంకో పైపుతో వాటర్ పంపు వైపు వెనక్కి పంపుతారు. ఆ చిన్న రేడియేటర్‌ను హీటర్ కోర్ అంటారు. దాని మీదికి ఒక ఫ్యాన్ గాలి కొడుతుంది, అది బ్లోయర్. మధ్యలో నీళ్లను ఆపడానికో వదలడానికో ఒక వాల్వు, గాలిని అద్దానికో కాళ్లకో మళ్లించడానికి రెండు మూడు రేకు తలుపులు. అంతే సామాను. గాలి పక్క వ్యవహారం కరెంటుది, వేడి పక్క వ్యవహారం నీళ్లది. ఈ రెండూ కలిసేది కోర్ దగ్గర ఒక్కచోటే. కాబట్టి గాలి రాకపోతే నీళ్ల పైపుల జోలికి పోనక్కర్లేదు. గాలి బాగా వచ్చి చల్లగా ఉంటే వైరింగ్ తడిమి లాభం లేదు.

విప్పే ముందు ఇంకో మాట. బండిలో అసలు హీటర్ ఉందా? చట్రం మాత్రం కొని, ఊళ్లో బాడీ కట్టించిన చెక్క క్యాబిన్లలో చాలావాటికి ఇది ఉండదు. 2018 మొదట్లో కొత్త మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ గానీ గాలి ఆడించే ఏర్పాటు గానీ ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది. 2025కు వచ్చేసరికి కొత్త బండ్లకు ఏసీయే తప్పనిసరి అయింది. ఆ మధ్యకాలం బండ్లలో కొన్నింటికి ఉన్నది ఉత్త గాలి బ్లోయరే, వేడినీళ్ల లైనే లేదు. క్యాబిన్ ఎత్తి, ఇంజన్ నుంచి క్యాబిన్ గోడలోకి వేలు లావు రబ్బరు పైపులు రెండు వెళ్తున్నాయో లేదో చూడండి. అవి లేకపోతే వేడి కోసం వెతకడం దండగ.

గాలి రాకపోతే

ఇక్కడా ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఏ స్పీడులోనూ రావడం లేదా, ఒక్క స్పీడులోనే వస్తోందా?

చివరి స్పీడులో మాత్రమే ఫ్యాన్ తిరుగుతూ, కింది స్పీడుల్లో చచ్చినట్టు పడి ఉంటే నూటికి తొంభైసార్లు రెసిస్టర్ పోయినట్టే. పాత పద్ధతి బ్లోయర్లలో స్పీడు తగ్గించడానికి మోటారు ముందు స్ప్రింగులాంటి తీగచుట్టలు పెడతారు. స్విచ్ ఒకటో నంబరులో ఉంటే కరెంటు ఆ చుట్టలన్నీ దాటి రావాలి, రెండులో కొన్నే దాటాలి, ఆఖరి నంబరులో చుట్టలతో పనిలేకుండా నేరుగా మోటారుకు పోతుంది. అందుకే చుట్ట తెగినా ఆఖరి స్పీడు బతికే ఉంటుంది. మోటారు మంచిదేనని, ఫ్యూజు మంచిదేనని, ఎర్త్ (బండి ఇనుము గుండా కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి) కూడా మంచిదేనని ఆ ఒక్క స్పీడే సాక్ష్యం చెబుతోంది. అయినా మోటారు మార్చి, తర్వాత తల పట్టుకున్న బండ్లు మా షెడ్డుకు ఏటా వచ్చేవి.

రెసిస్టర్ కొత్తది వేయగానే పని అయిపోయిందనుకోవద్దు. ఆ చుట్టలు కాలకుండా కాపాడేది ఫ్యాన్ కొట్టే గాలే. అందుకే రెసిస్టర్‌ను గాలి వెళ్లే దారిలోనే బిగిస్తారు. గాలి దారి మూసుకుపోతే, లేదా మోటారు బుష్షులు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు) ఎండిపోయి అది బరువుగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగుతుంటే, కొత్త రెసిస్టర్ కూడా ఆర్నెల్లు ఆగదు. చుట్టలో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మూడు ఆంపియర్లకు చేసిన తీగ మీద ఆరు లాగితే దాని గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఏడాదిలో రెండోసారి రెసిస్టర్ పోయిందంటే చూడాల్సింది మోటారును. రెసిస్టర్ ప్లగ్గు కూడా చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక పిన్ను చుట్టూ కరిగి ఉంటే ఆ ప్లగ్గు కూడా మార్చాల్సిందే. వదులైన పిన్ను తనే ఒక హీటర్.

ఏ స్పీడులోనూ లేకపోతే ఫ్యూజు నుంచి మొదలు. మన లారీల ఫ్యూజు డబ్బాలు తెరిస్తే ఒక్కోసారి భయమేస్తుంది. పోయిన ఫ్యూజు మీద సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి ఉంటుంది, లేదంటే రాగి తీగ మెలిపెట్టి ఉంటుంది. "అర్జెంటుగ బండి పోవాలె గదా" అంటారు. ఫ్యూజు ఉన్నది మోటారును కాపాడటానికని చాలామంది అనుకుంటారు గానీ అది కాపాడేది వైరును. రాగి తీగ చుట్టాక లోపల ఎక్కడ షార్టైనా ఆ తీగ కరగదు, దాని బదులు డ్యాష్‌బోర్డు వెనక వైరు కట్ట కాలుతుంది. దాని పక్కనే బొంత ఉంటుంది, నిద్రపోయే క్లీనర్ ఉంటాడు. ఈ విషయంలో మామ ఎవరి మాటా వినేవాడు కాదు. రాగి తీగ తీసి పారేశాకే మిగతా పని.

ఫ్యూజు బాగుంటే తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), స్విచ్, వైరు, ఎర్త్, మోటారు. ఇక్కడే మల్టీమీటర్ కొత్తవాళ్లను ఆడుకుంటుంది. ఒక వానాకాలం వచ్చిన బండిలో నేనే పరువు పోగొట్టుకున్నాను. మోటారు ప్లగ్గు పీకి మీటరు పెడితే 24 వోల్టులకు పైనే చూపించింది. కరెంటు నిండుగా వస్తోంది, మోటారే పోయింది అని తేల్చేశాను. మామ మారు మాట్లాడకుండా గోడకు వేలాడే తన బల్బు తీశాడు. వెనక లైటుకు వాడే 24 వోల్టుల 21 వాట్ల బల్బు, రెండు తీగలు, రెండు క్లిప్పులు. అదే ప్లగ్గుకు తగిలిస్తే బల్బు ఆరిపోబోయే బొగ్గులా మిణుకుమంది, అంతే. వైరు వెంట వెనక్కి తడుముకుంటూ పోతే రేకు అంచు దగ్గర తొడుగు ఒరుసుకుపోయి ఉంది. కోసి చూస్తే లోపల పచ్చటి పొడి, ఆ పొడిలో పోగులు అంటీ అంటనట్టు మిగిలాయి.

మీటరు లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి పోగులు అంటీ అంటనట్టు ఉన్నా అది నిండు వోల్టేజీ చూపిస్తుంది. ఇంట్లో నల్లా కట్టేసి ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. పైపు పాచిపట్టి మూసుకుపోయిందా లేదా అన్నది నల్లా తిప్పితేనే తెలుస్తుంది. బల్బు పెట్టడమంటే ఆ నల్లా తిప్పడమే. మీటరే వాడాలనుకుంటే ప్లగ్గు పీకకుండా, స్విచ్ వేసి ఉంచి, మోటారు రెండు కొసల మధ్య కొలవండి. బ్యాటరీ దగ్గర 26 ఉండి మోటారు దగ్గర 18 ఉంటే ఆ ఎనిమిదీ దారిలో ఎక్కడో వేడిగా మారుతున్నాయి. వేలితో తడిమినా దొరుకుతుంది, ఆ జాయింటు వెచ్చగా ఉంటుంది.

ఎర్త్ సంగతి విడిగా చెప్పాలి. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు పాత బండికి డెంటింగ్, పెయింటింగ్ చేయిస్తారు. ఎర్త్ బోల్టు విప్పి, దాని కింద కూడా రంగు కొట్టి, మళ్లీ బిగిస్తారు. రంగు మీద బిగించిన ఎర్త్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. లైట్లు మసకగా, బ్లోయర్ నీరసంగా, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మిణకడం లాంటి వింతలన్నీ దాంతోనే మొదలవుతాయి. పరీక్ష సులువు. మోటారు నెగటివ్ కొస నుంచి బ్యాటరీ నెగటివ్‌కు విడిగా ఒక వైరు లాగండి. ఫ్యాన్ ఒక్కసారి ఊపందుకుంటే దొంగ దొరికినట్టే. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా ఎమెరీ కాగితంతో గీకి, బిగించి, పైన గ్రీజు పూయండి.

మోటారుదే తప్పని తేలితే బయటికి తీసి ముందు చేత్తో తిప్పండి. తిప్పి వదలగానే టక్కున ఆగితే బుష్షులు ఎండాయి. గరగరమంటే మట్టి చేరింది. చాలాసార్లు మోటారులో తిరిగే భాగానికి, అంటే ఆర్మేచర్‌కు, కరెంటు అందించే బొగ్గు ముక్కలు, కార్బన్ బ్రష్షులు, అరిగి ఆర్మేచర్‌కు అందకుండా పోయి ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద గుద్దితే ఫ్యాన్ తిరగడం దాని లక్షణమే. గుద్దు దెబ్బకు బ్రష్షు కాస్త కదిలి అంటుకుంటుంది. దొరికే రకమైతే బ్రష్షులు మార్చి, ఆర్మేచర్ మీద నల్లటి మరక తుడిచి, బుష్షుకు రెండు చుక్కల ఆయిల్ వేస్తే ఇంకో రెండు చలికాలాలు లాగుతుంది. ఆయిల్ ఎక్కువైతే మాత్రం అది బ్రష్షుల మీదికి పాకి, ఉన్నది కూడా చెడగొడుతుంది.

మోటారు కొసకు తగిలించి ఉండే ఫ్యాన్ మామూలు రెక్కల ఫ్యాన్ కాదు. పంజరంలా చుట్టూ సన్నటి పట్టీలుంటాయి. మధ్యలోంచి గాలి పీల్చి అంచుల నుంచి విసురుతుంది. మన దగ్గర దీంట్లో దొరకనిది లేదు. రైసుమిల్లు బండ్లలో ఊక, పత్తి తోలే బండ్లలో దూది, సిమెంటు బండ్లలో రాయిలా గట్టిపడిన బూడిదరంగు పూత. పట్టీల మధ్య సందులు పూడుకుపోతే ఫ్యాన్ ఎంత వేగంగా తిరిగినా గాలి రాదు. పూత ఒకవైపే పడితే బండంతా వణికినట్టు మోత.

ఇక అందరినీ తికమక పెట్టేది ఒకటుంది. ఎక్కడో మోటారు రిపేరు చేయించుకుని వచ్చిన బండి. ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది, మోత ఉంది, గాలి మాత్రం అద్దం దాకా రావడం లేదు. తలుపులు చూశాం, గొట్టాలు చూశాం, ఒక పూట పోయింది. చివరికి తేలింది ఏమిటంటే మోటారుకు రెండు వైర్లు అటూ ఇటూ కలిపారు. అయస్కాంతాలతో నడిచే మోటారు కాబట్టి తిరగబడి తిరుగుతోంది. రెక్కల ఫ్యాన్ తిరగబడితే గాలి వెనక్కి పోతుంది, వెంటనే తెలిసిపోతుంది. పంజరం ఫ్యాన్ ఎటు తిరిగినా గాలిని ముందుకే నెడుతుంది, కాకపోతే చాలా తక్కువగా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. వైర్లు మార్చి కలపగానే డ్యాష్‌బోర్డు మీది పత్తి పింజలన్నీ డ్రైవర్ ముఖాన పడ్డాయి.

పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 చేస్తారు. పాటల డెక్కు కోసమో ఫోన్ చార్జింగ్ కోసమో ఒక్క బ్యాటరీ నుంచి 12 లాగడం మన డ్రైవర్లకు అలవాటు. అలా లాగిన బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ ఓవర్‌చార్జింగ్‌తో ఉండి రెండూ తొందరగా పోతాయి. బ్లోయర్ నీరసంగా ఉందన్న ఫిర్యాదు కొన్నిసార్లు అక్కడికే దారి తీస్తుంది. 12 వోల్టులు కావాలంటే రెండు బ్యాటరీల మీద నుంచి తగ్గించి ఇచ్చే కన్వర్టర్ పెట్టించుకోవడమే దారి.

గాలి వచ్చి వేడి రాకపోతే

ఇంజన్ స్టార్ట్ చేసి ఒక ఇరవై కిలోమీటర్లు తిప్పండి, లేదా టెంపరేచర్ ముల్లు మామూలు చోటికి వచ్చేదాకా ఆగండి. హీటర్ మీట పూర్తిగా వేడి వైపుకు తిప్పి, బ్లోయర్ ఆపేసి, క్యాబిన్ గోడలోకి వెళ్లే ఆ రెండు పైపులను పట్టుకుని చూడండి. పట్టుకోవడమంటే గబుక్కున గుప్పిట బిగించడం కాదు. లోపల ఉన్నది 80 డిగ్రీల నీళ్లు. ముందు మడిచిన గుడ్డతో, తర్వాత చేతి వెనకభాగం తాకించి. రేడియేటర్ మూత జోలికి మాత్రం వేడి మీద పోవద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై ముఖాన కొడతాయి.

రెండు పైపులూ కాలుతుంటే నీళ్లు తిరుగుతున్నాయి, కోర్ మంచిదే. తప్పు గాలి దారిలో ఉంది, రేకు తలుపు చల్లగాలి వైపే ఇరుక్కుని ఉంటుంది. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే వాల్వు తెరుచుకోలేదు, లేదా కోర్ పూడుకుపోయింది. రెండూ చల్లగా ఉండి ఇంజన్ మాత్రం వేడిగా ఉంటే వాల్వు పైపు మొదట్లోనే మూసి ఉండొచ్చు, నీళ్లు తక్కువై ఉండొచ్చు, లేదా లైనులో గాలి బుడగ ఇరుక్కుంది. రెండూ గోరువెచ్చగా ఉండి ముల్లు కూడా కిందనే ఉంటే ఇంజనే వేడెక్కడం లేదు. అప్పుడు తప్పు హీటర్‌ది కాదు, థర్మోస్టాట్‌ది.

థర్మోస్టాట్ అనగానే మన దగ్గర ఒక పెద్ద పంచాయితీ ఉంది. ఎండలో ఇంజన్ వేడెక్కితే చాలామంది మెకానిక్కులు చేసే మొదటి పని దాన్ని పీకి పారేయడం. "అది మన దేశానికి గాదు, చలి దేశాలకు" అంటారు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ నీళ్లు ఒక మోస్తరు వేడికి, చాలా డీజిల్ ఇంజన్లలో 80 డిగ్రీలు దాటేదాకా, రేడియేటర్ వైపు పోకుండా ఆపే చిన్న తలుపు. లోపలి మైనం కరిగి ఉబ్బితే తెరుచుకుంటుంది. దాన్ని తీసేస్తే ఇంజన్ చలికాలమంతా అరకొర వేడితోనే నడుస్తుంది. డీజిల్ సరిగ్గా కాలదు, ఇంజన్ ఆయిల్ పాడవుతుంది, లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో ఇంకో తమాషా ఉంది. థర్మోస్టాట్ తెరుచుకుంటూనే పక్కనున్న అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉండి, కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. చల్లబడుతుందని పీకితే ఎండలో ఇంకా వేడెక్కుతుందన్నమాట. మేళ్లచెరువు వైపు సిమెంటు తోలే ఒక బండి డ్రైవర్ మా దగ్గరికి హీటర్ పని చేయడం లేదని వచ్చాడు. అదే నెలలో ఓనరేమో డీజిల్ ఎక్కువ తాగుతోందని ఇంకో షెడ్డులో పంపు చూపిస్తున్నాడట. రెండింటికీ కారణం ఖాళీగా ఉన్న థర్మోస్టాట్ డబ్బా.

దాన్ని పరీక్షించడం వంటింటి పనే. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తాకకుండా వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. నీళ్లు వేడెక్కక ముందే తెరిచి ఉంటే పనికిరాదు. మరిగినా తెరుచుకోకపోతే అసలే పనికిరాదు. కొత్తది కొన్నా ఈ పరీక్ష చేశాకే బిగించడం మంచిది.

ఇప్పుడు అసలు మన జిల్లాల జబ్బుకు వద్దాం. ఒక పైపు కాలుతూ రెండోది చల్లగా ఉండే బండ్లే దక్షిణ తెలంగాణలో ఎక్కువ. కారణం బోరు నీళ్లు. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ అంటారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పడింది. కానీ రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు వేడెక్కగానే అవి రాయిలా గట్టిపడి గోడలకు పట్టుకుంటాయి. స్నానాల నీళ్లు కాచే బిందె అడుగున, గీజర్ రాడ్డు మీద కనిపించే తెల్లటి పెచ్చు అదే. రేడియేటర్ గొట్టాలు కాస్త వెడల్పు కాబట్టి కొన్నాళ్లు తట్టుకుంటుంది. హీటర్ కోర్ గొట్టాలు సన్నం, అందులో నీటి పారుదలా నెమ్మది. ఎండాకాలమంతా వాల్వు కట్టేసి ఉంటే మురికి అక్కడే పేరుకుంటుంది. ముందు పూడుకునేది అదే. బండి ఆపిన చోటల్లా డాబా పక్క బోరు కింద డబ్బా పట్టి రేడియేటర్ నింపే అలవాటుకు కట్టే మూల్యం ఇది.

రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంట్ అంటే నీళ్లు గడ్డకట్టకుండా ఉండటానికేనని, మనకు దాంతో పనిలేదని ఇంకో నమ్మకం. అందులో తుప్పు పట్టనివ్వని మందులు కూడా ఉంటాయి. డీజిల్ ఇంజన్ లైనర్ అదురుకు దాని బయటి గోడ మీద చిన్న చిన్న గుంటలు పడకుండా కాపాడేవి కూడా అవే. కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్, మిగతా డిస్టిల్డ్ వాటర్. రోడ్డు మీద గతిలేక బోరు నీళ్లు పోసినా ఊరికి రాగానే దింపేయాలి.

పూడిన కోర్‌ను కడగడం కష్టమేమీ కాదు, తొందరపడకూడదంతే. ఇంజన్ పూర్తిగా చల్లారాక రెండు పైపులూ కోర్ దగ్గర విప్పండి. పాత రబ్బరు పైపు కోర్ కొసకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని పట్టుకుని మెలిపెడితే రాగి కొస ఊడి చేతికొస్తుంది. పైపును నిలువుగా కోసి ఒలవడం మేలు, పైపు ధర కోర్ ధరలో ఏ మూలకు? తర్వాత మామూలు నల్లా పైపును నీళ్లు బయటికొచ్చే కొసకు తగిలించి, ఎదురు దిశలో నీళ్లు వదలండి. మొదట ఇటుకరంగు నీళ్లు, తర్వాత గుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు వస్తాయి. కడిగే ముందు, కడిగాక అదే నల్లాతో బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూసుకోండి. తేడా ఎంతో అప్పుడు కళ్లకు కడుతుంది. కంప్రెషర్ గాలి మాత్రం పెట్టొద్దు. టైరుకు పట్టే గాలిని ఆ సన్నటి గొట్టాలు తట్టుకోలేవు.

పెచ్చు కదలకపోతే, కోర్ రాగీ ఇత్తడీ రకమైతే, గోరువెచ్చటి నీళ్లలో లీటరుకు రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి నింపి, నురగ ఆగేదాకా ఉంచి, పారబోసి, వంటసోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో నాలుగుసార్లు కడగండి. బాత్రూం కడిగే యాసిడ్ పోసేవాళ్లను చూశాను. పెచ్చుతో పాటు కోర్ కూడా కరిగిపోతుంది, అల్యూమినియం అయితే మరీ తొందరగా. తేలిగ్గా తెల్లగా ఉండి, పక్కలకు ప్లాస్టిక్ డబ్బాలు నొక్కి బిగించి ఉంటే అది అల్యూమినియం రకం. దానికి నీళ్లతో కడగడమే. చిల్లుపడితే టంకం అతకదు, మార్చాల్సిందే.

తిరిగి నీళ్లు నింపేటప్పుడు చాలామంది మళ్లీ బోల్తా పడతారు. కోర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి అందులోనే ఇరుక్కుంటుంది. కడిగిన కోర్, మంచి థర్మోస్టాట్, అయినా గాలి చల్లగానే వస్తుంటే అదే. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా పెట్టి, వాల్వు పూర్తిగా తెరిచి, చల్లటి ఇంజన్ మీదే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, కోర్ నుంచి వెనక్కి వచ్చే పైపు క్లిప్పు కాస్త వదులు చేయండి. బుసబుస గాలి పోయి నీళ్ల ధార రాగానే బిగించండి. ఎంతసేపైనా రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే అది వేరే కథ. ఇంజన్ హెడ్ కింద బిగించే హెడ్ గ్యాస్కెట్ లీకై ఇంజన్ పొగ నీళ్లలోకి వస్తోంది, హీటర్‌ను వదిలేసి మెకానిక్ దగ్గరికి పొండి.

కోర్ లీకైతే నీళ్లు కారి కనపడక ముందే వాసన చెబుతుంది. క్యాబిన్‌లో తియ్యటి వాసన, అద్దం మీద ఎంత తుడిచినా పోని జిడ్డు మసక, కాళ్ల దగ్గర మ్యాటు తడి. రోడ్డు మీద ఉంటే రెండు పైపులనూ ఇనుప గొట్టం ముక్కతో ఒకదానికొకటి కలిపేసి, కోర్‌ను దారి తప్పించి ఇంటికి రావచ్చు. కారిన కూలెంట్ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. అది విషం, కడిగేయండి.

రెండు పైపులూ కాలుతున్నా వేడి రాని బండ్లకు చెప్పేది కొంచెమే. మీట నుంచి తలుపుకు వెళ్లే కేబుల్ తుప్పు పట్టో క్లిప్పు జారో ఉంటుంది. లేదా తలుపు అంచున అంటించిన ఫోమ్ పొడిగా రాలిపోయి ఉంటుంది. బ్లోయర్ వేయగానే నల్లటి నలుసులు ముఖాన పడితే ఆ ఫోమే. తలుపు మూసినా సందుల్లోంచి చల్లగాలి కలుస్తుంది. ఫోమ్ షీటు కోసి అంటించుకోవడమే.

అద్దం మసక గురించి వచ్చిన బండికి ఇంకోటి కూడా చెప్పి పంపేవాడు మామ. క్యాబిన్ గాలినే తిప్పే పద్ధతిలో బ్లోయర్ వేస్తే ఇద్దరి ఊపిరిలోని తేమ లోపలే తిరుగుతుంది, అద్దం ఇంకా మసకబారుతుంది. బయటి గాలి తీసుకునే తలుపు తెరిచి, ఆ గాలిని కోర్ మీదుగా వేడిచేసి అద్దానికి కొట్టాలి. బయటి చల్లగాలిలో తేమ తక్కువ. వేడెక్కాక అది అద్దం మీది తేమను ఇట్టే పీల్చుకుంటుంది. అయితే ఆ బయటి గాలి ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. సైలెన్సర్ జాయింటు పగిలి పొగ కారుతున్న బండిలో బ్లోయర్ ఆ పొగనే క్యాబిన్‌లోకి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. చలికని ఇంజన్ ఆడిస్తూ, అద్దాలెక్కించి, హీటర్ వేసుకుని పడుకోవడం ఏ బండిలోనూ వద్దు, పాత బండిలో అసలే వద్దు.

ఎండాకాలంలో హీటర్ వాల్వు కట్టేసి మర్చిపోతాం గానీ, అప్పుడే అది ఒకసారి ఆదుకుంటుంది. మే నెల మధ్యాహ్నం, లోడు మీద ఎత్తు ఎక్కుతుంటే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. ఆపడానికి చోటు లేదు. అప్పుడు హీటర్ మీట పూర్తిగా తిప్పి, బ్లోయర్ ఆఖరి స్పీడులో పెట్టండి. కోర్ రెండో రేడియేటర్‌లా పనిచేసి ముల్లును కాస్త వెనక్కి లాగుతుంది. క్యాబిన్ పొయ్యిలా మారుతుంది, చెమట కళ్లలోకి కారుతుంది, అయినా పక్కకు తీసి ఆపే చోటు దాకా బండి వస్తుంది. కోర్ పూడుకుపోయిన బండికి ఈ ఆసరా ఉండదు.

హీటర్ పని అయిపోయాక మామ బండిని అదే రోజు పంపేవాడు కాదు. రాత్రి చల్లారనిచ్చి, పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీయించేవాడు. రాత్రి నిండుగా పోసిన నీళ్లు పొద్దుటికి రెండు వేళ్లు తగ్గి ఉండేవి. కోర్‌లో మిగిలిన గాలి పైకొచ్చి, దాని చోట్లోకి నీళ్లు దిగిన లెక్క అది. డిస్టిల్డ్ వాటర్ డబ్బా క్లీనర్ చేతికిచ్చి, పైపు క్లిప్పులు రెండూ మరో అర చుట్టు బిగించి, "ఇగ తీసుకపో" అనేవాడు.